ఏడు జతల చెప్పులు

తప్పు నాదే. మ్యూజియంలో పసిపిల్లల ఆదివారం పెట్టించింది నేనే. గుమ్మంలో నిలబడి "మీ ఇల్లే అనుకుని రండి" అన్నదీ నేనే. మా చియాంగ్ మాయి ఊళ్ళో ఆ మాట అన్నాక చెప్పులతో లోపలికెవరొస్తారు?

మూడో గది మొదట్లో విచియన్ మాస్టారి కళాఖండం ఉంది. ఒక చెక్క గడప, దాని ముందు వాళ్ళింటివాళ్ళ పాత చెప్పులు ఏడు జతలు. వచ్చిన పదకొండు కుటుంబాలూ వాటి పక్కనే తమవీ విడిచి లోపలికెళ్ళాయి. నేను చూసేసరికి ఏవి మాస్టారివో, ఏవి చూడొచ్చినవాళ్ళవో తెలియలేదు.

"ఒక్క వస్తువు పోయినా ఈ పిల్లల సంత మూసేస్తా" అని డైరెక్టరు ముందే చెప్పాడు.

అందరూ వెళ్ళాక లెక్కపెట్టాను. ఏడు జతలే. హమ్మయ్య అనుకుంటూ చివరి జత సర్దబోతే, దాని అడుగున లైట్లు వెలిగాయి. గులాబీ రంగు పిల్లబూట్లు. అక్కడుండాల్సిన చిన్న ఎర్రతోలు చెప్పులు లేవు.

"అవి మొదట్నించీ ఉన్నాయేమోనమ్మాయ్," అన్నాడు కాపలా బూన్ బాబాయ్. "ఈ కళలు నాకెప్పుడర్థమయ్యాయి గనక."

ఒక్క క్షణం నాకూ అనుమానమొచ్చింది. నా మతి మీద నాకే నమ్మకం పోయింది.

అంతలో ఫోన్. ఎవరో ముసలావిడ. "అమ్మాయీ, మా మనవరాలు ఫైలిన్ ఎవరివో ఎర్రచెప్పులేసుకొచ్చేసింది. విప్పమంటే ఒకటే ఏడుపు. రేపు తెచ్చిస్తా, తిట్టకండేం."

ప్రాణం లేచొచ్చి వెనక్కి తిరిగితే విచియన్ మాస్టారు. ఎప్పుడొచ్చారో తెలియదు. జరిగిందంతా చెప్పేశాను.

"అవి మా పెద్దపాపవి," అన్నారాయన. "ఐదోయేట జ్వరంతో పోయింది." "ఆ పిల్లకి సరిపోయాయా?" అన్నారు.

ఆ ముసలావిడకి మళ్ళీ ఫోన్ చేసి అడిగాను. "సరిగ్గా సరిపోయాయట, మాస్టారూ."

ఆయన నేలమీద కూలబడ్డారు. కోపమో దుఃఖమో నాకు అంతుపట్టలేదు. డైరెక్టరుకివ్వాల్సిన కాగితం చేతిలోనే ఉంది. 'పోయిన వస్తువులు' అన్నచోట ఏం రాయాలి? పోయినట్టా, పోనట్టా?

మాస్టారు కలం తీసుకుని 'ఏమీ లేవు' అని రాశారు. గులాబీ బూట్లను ఎర్రచెప్పుల చోట సరిగ్గా సర్దారు.

"రేపు తేవద్దని చెప్పు. వచ్చే ఆదివారం ఆ పిల్లని అవే వేసుకుని రమ్మను," అన్నారు. "నడుస్తుంటే చూస్తాను."

నాకు ఏడుపాగలేదు.