మోయగల బరువు

పెద్దక్కకి ఎవరినీ సాగనంపడం చేతకాదు. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపి, బండి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి తలుపు వేసుకోవడం ఆవిడ వల్ల కాదు. అన్నిటికంటే ఆ తలుపు వేసుకునే దగ్గరే గుండె జారిపోతుంది. అందుకని ఇంట్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా చేతిసంచి తగిలించుకుని తనూ బండెక్కేస్తుంది. పంటి డాక్టరు దగ్గరికైనా సరే.

"అక్కా, నువ్వు రావక్కర్లేదే," అన్నాడు చిన్నోడు, ఆ తెల్లవారుజామున జీపు వెనక ట్రైలర్ తగిలిస్తూ. చిన్నోడంటే ఆవిడ తమ్ముడు. జుట్టు నెరిసి, మెట్లెక్కితే మోకాళ్లు పట్టేసే వయసొచ్చినా ఆ పేరు మాత్రం పోలేదు. "పెట్టెలు దించడానికి నీ మరదలు అక్కడే ఉందిగా."

"ఇక్కడ కూర్చుని మాత్రం ఏం చెయ్యను? నీ గురించి దిగులుపడాలి. అదేదో నీ పక్కన కూర్చునే పడతాను."

"సరే, నేను పోతున్నా. ఎక్కితే ఎక్కు."

"పోతున్నా అనకు, వెధవా! వెళ్లొస్తా అను."

"నువ్వూ వస్తుంటే ఎవరితో అననే? తలుపుతోనా?"

"తలుపుతోనే అను. నీ సొమ్మేం పోయింది?"

అన్నాడు. అనేదాకా ఆవిడ జీపు ఎక్కలేదు మరి.

ట్రైలర్ నిండా తేనెటీగల పెట్టెలు. ఇంటి చుట్టుపక్కల పూలు అయిపోయాయి. కొండ అవతల పొద్దుతిరుగుడు చేలు విచ్చుకున్నాయని మరదలు ముందే వెళ్లి చోటు చదును చేయించి పెట్టింది. ఈగలు గూళ్లకి చేరాక పెట్టెల వాకిళ్లకి జాలీ కొట్టి, ఎండ ముదరకముందే చేర్చెయ్యాలి. ఆలస్యమైతే మూసిన పెట్టెల్లో ఈగలు ఉడికిపోతాయి. మైనం మెత్తబడి, తేనె కారి, ఆ తేనెలోనే మునిగి చస్తాయి. ఇంటిల్లిపాదికీ బతుకుతెరువు ఆ పెట్టెలే.

వాళ్ల చిన్న ట్రైలర్ ఇరుసు విరిగి మూల కూర్చుంది. అందుకని రాళ్లు తోలే మేస్త్రీని అడిగి ఆయన పెద్ద ట్రైలర్ తెచ్చారు. మామూలు కారు లైసెన్సుతో అంత పెద్దది లాగకూడదని చిన్నోడికి తెలుసు. కానీ వాడి లెక్క వాడిది. బరువు తగ్గిస్తే పెద్ద ట్రైలరూ చిన్నదాని కిందే జమ అనుకున్నాడు. తేనె ఉన్న పై అరలన్నీ ఇంట్లోనే దించేశాడు. చివరికి ట్రైలర్‌కి ఉన్న స్టెప్నీ టైరు కూడా విప్పి గోడకి ఆనించి వచ్చాడు.

కొండ దారి మొదట్లో తూకం చెక్‌పోస్టు. ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టి లైసెన్సు అడిగి తీసుకుంది. జీపునీ ట్రైలర్‌నీ కాటా మీదికి ఎక్కించి చూసింది.

"ఎంతొచ్చింది మేడమ్?" అన్నాడు చిన్నోడు, పరీక్ష బాగా రాసినవాడిలా ముఖం వెలిగించుకుని.

"బరువు తక్కువే ఉంది."

"చూశావా అక్కా! నేను చెప్పలా?"

"కానీ ఈ లైసెన్సుతో మీరు దీన్ని లాగకూడదు."

చిన్నోడి ముఖం ఆరిపోయింది. ఇన్‌స్పెక్టరమ్మ వాణ్ణి ట్రైలర్ ముందుకి తీసుకెళ్లి, ఇనప కమ్మీకి కొట్టి ఉన్న ప్లేటు చూపించింది. "ఈ అంకె చదవండి. సరుకుతో కలిపి ఈ ట్రైలర్ మోయగల బరువు. లైసెన్సుకి ఇదే లెక్క. ఇవాళ ఎంత మోస్తోందని కాదు, ఎంత మోయగలదని."

"ఖాళీగా ఉన్నా?"

"ఖాళీగా ఉన్నా."

"ఇదెక్కడి న్యాయం మేడమ్! హోటల్లో తిన్నదానికి బిల్లు వేస్తారు గానీ తినగలిగినదానికి వేస్తారా?"

ఆవిడ నవ్వు ఆపుకుంది. "మీ పొట్టకి కూడా ఎవరైనా ప్లేటు కొట్టి ఉంటే అప్పుడు చూద్దాం. పెద్ద ట్రైలర్ లైసెన్సున్న డ్రైవర్ని పిలిపించుకోండి. అందాకా బండి కదలదు."

చిన్నోడు మేస్త్రీకి ఫోన్ చేశాడు. ఆయన ఎక్కడో క్వారీలో ఉన్నాడు. ఎంత తొందరగా బయల్దేరినా మధ్యాహ్నం దాటుతుందన్నాడు. చుట్టూ చూస్తే చెట్టన్నది లేదు. చెక్‌పోస్టు రేకుల షెడ్డు నీడలో ట్రైలర్‌లో సగం కూడా పట్టదు.

ఎండ కాటా మీదికి పాకింది. ఇద్దరూ సీసాల్లో నీళ్లు తెచ్చి జాలీల మీద చిలకరించారు. ఇన్‌స్పెక్టరమ్మ కూడా ఒక బకెట్టు తెచ్చిచ్చింది. పెద్దక్క ఒక పెట్టె మీద అరచెయ్యి వేసింది. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా కాలుతోంది. పొద్దున పక్కింట్లో కుట్టుమిషను ఆడుతున్నట్టున్న రొద, ఇప్పుడు రేకుల మీద వాన పడుతున్నట్టయింది. గాలి కోసం ఈగలు ఒకదాని మీద ఒకటి ఎక్కి జాలీకి అతుక్కున్నాయి.

ఆవిడ చెవి ఆనించి వింది. ఆసుపత్రిలో భర్త మంచం పక్కన కూర్చుని ఊపిరి చప్పుడు ఇలాగే విన్నది. హోరెత్తినంతసేపూ భయం లేదు, సన్నబడటం మొదలైతేనే భయం. అప్పుడు చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. ఇప్పుడూ లేదా?

ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. చేతిసంచిలోంచి లైసెన్సు తీసి, పిలవని పెళ్లికొచ్చిన చుట్టంలా మొహమాటపడుతూ చాచింది. "అమ్మాయ్, ఇది పనికొస్తుందేమో చూడు. పాతదిలే. పనికిరాదనే అనుకుంటున్నాను."

ఇన్‌స్పెక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. ఆఫీసుకి ఫోన్ చేసి నంబరు చదివింది. ఫోన్ పెట్టేసి పెద్దక్కని ఎగాదిగా చూసింది.

"పెద్దమ్మగారూ, మీరు రూలు మారకముందు తీసుకున్నారు. అప్పటివాళ్లకి ఈ సైజు ట్రైలర్ లాగే హక్కు అలాగే ఉంది. రెన్యువల్ కూడా తప్పకుండా చేయిస్తున్నారే! బండి నడుపుతుంటారా?"

"లేదమ్మా. మా ఆయన పోయాక స్టీరింగు ముట్టలేదు."

"మరి రెన్యువల్ ఎందుకు?"

"వదిలేస్తే మళ్లీ రాదేమోనని."

చిన్నోడు నోరు తెరిచాడు. ఒకప్పుడు సీజన్ వస్తే బావ ఒక బండి, అక్క ఒక బండి నడిపేవాళ్లని వాడికి అప్పుడు గుర్తొచ్చింది. "అక్కా, నీకు భయమైతే వద్దే. మేస్త్రీ వచ్చేదాకా నీళ్లు..."

"భయమే. అవతలికి జరుగు."

"ఈయన ఇక్కడిదాకా నడిపినందుకు కేసు రాయక తప్పదు," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "మీరు మాత్రం వెళ్లండి. నెమ్మదిగా."

సీటు ముందుకి జరుపుకుంది, అద్దాలు సరిచేసుకుంది, కళ్లజోడు చీరకొంగుతో తుడుచుకుంది. క్లచ్ వదలగానే జీపు ఒక్క కుదుపు కుదిపి కదిలింది.

"మెల్లిగా!"

"నోర్మూసుకో."

ఎక్కడం బాగానే ఎక్కింది. దిగుడులో ఎదురుగా పెద్ద లారీ ఒకటి గాలిని తోసుకుంటూ పక్కనుంచి దూసుకుపోయింది. ట్రైలర్ ఒక్కసారిగా తోక ఊపింది. ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి, ఊపు ఊపుకీ ఎక్కువవుతూ.

"బ్రేకు! అక్కా, బ్రేకు!"

ఆవిడ బ్రేకు మీద కాలు పెట్టలేదు. ఊగే ట్రైలర్‌ని బ్రేకుతో ఆపబోతే అది జీపునే తిప్పి పారేస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు మాత్రం తీసేసి, స్టీరింగు బిగించి తిన్నగా పట్టుకుంది. జీపు వేగం తగ్గింది. ఊపు తగ్గింది. కాసేపటికి ట్రైలర్ బుద్ధిగా వెనక చేరింది.

చిన్నోడు వెనక్కి తిరిగి పెట్టెలన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నాడు. తర్వాత, "బావ నేర్పాడా?" అన్నాడు.

"కాదు, మీ బావకి నేను నేర్పాను," అంది. అది అబద్ధమో నిజమో తేల్చుకునే ఓపిక వాడికి లేదు.

చేల దగ్గరికి వచ్చేసరికి ఎండ మండిపోతోంది. మరదలు ఎదురు పరిగెత్తుకొచ్చింది. "ఇంతసేపా? నా ప్రాణాలు పోయాయి!" అంటూ స్టీరింగు ముందున్న మనిషిని చూసి ఆగిపోయింది. "వదినా! నువ్వా?"

"తర్వాత చెప్తాను. ముందు జాలీలు తియ్యండి."

ముగ్గురూ ముసుగులు వేసుకుని, పెట్టెలు కిందికి దించి, తలో పక్క మొదలుపెట్టారు. ఒక్కో జాలీ లాగుతుంటే ఈగలు గుప్పున బయటికొచ్చి, పసుపుపచ్చటి చేల మీద చెదిరిపోతున్నాయి. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ బాగానే ఉన్నాయి. ఆఖరిది మాత్రం, ట్రైలర్ మధ్యలో ఇరుక్కుని గాలి తగలని పెట్టె, చప్పుడు చెయ్యలేదు.

పెద్దక్క జాలీ తీసింది. ఏమీ రాలేదు. వాకిట్లో రెండు చచ్చిన ఈగలు. మోకాళ్ల మీద కూర్చుని వాకిలి పక్కన చెవి పెట్టింది. చిన్నోడు మాట్లాడబోతే చేత్తో ఆపింది. చేతి తొడుగు తీసేసి, వేలితో వాకిట్లో ఈగల్ని మెల్లగా పక్కకి తోసింది.

లోపల ఎక్కడో చిన్నగా గరగర. ఒక తల బయటికి తొంగిచూసింది. మరుక్షణం ఆ వేలు భగ్గుమంది.

"అబ్బా! కుట్టింది!" అంటూ ఆవిడ వెనక్కి కూలబడింది. కూలబడి నవ్వుతోంది, కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారుతున్నాయి. "ఒరేయ్, కుట్టిందిరా! చూడు, ఎంత గట్టిగా కుట్టిందో!"

"కుట్టిందని ఇంత సంబరపడే మనిషిని నిన్నే చూశాను," అన్నాడు చిన్నోడు, ముల్లు తియ్యడానికి ఆవిడ చెయ్యి పట్టుకుంటూ.

వాకిట్లోంచి ఈగలు బొలబొలా బయటికొచ్చేస్తున్నాయి. ఆవిడ లేవలేదు. ఆ మట్టిలోనే కాళ్లు బారజాపుకుని కూర్చుంది. "ఉండు, అప్పుడే తియ్యకు," అంది. "ఒక్క నిమిషం ఉండనీ."