రెండో మలుపు దగ్గర అద్దం

గాజు షాపులో పెద్ద అద్దం ఎత్తడానికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు మనుషులు చెరో కొసన నిలబడి, తోలు గ్లవుజులు వేసుకున్న చేతులు అడుగు అంచు కిందికి పోనిస్తారు. ముందున్న మనిషి "బిగబట్టు" అంటుంది. ఇద్దరూ గుండెల నిండా గాలి పీల్చి ఆపేస్తారు. "ఒకటి, రెండు, లే!" అద్దం నేలను వదులుతుంది. అది కుదురుకునేదాకా ఎవరూ గాలి వదలకూడదు. గాలి వదిలితే ఒళ్లు వదులవుతుంది, ఒళ్లు వదులైతే పట్టు జారుతుంది అని ఆ షాపులో అందరి నమ్మకం. ఇంకో కట్టడి కూడా ఉంది. అద్దం చేతుల్లో ఉన్నంతసేపూ ముందున్న మనిషే మాట్లాడాలి. వెనకున్న మనిషికి "ఊ" అనడం తప్ప మాట లేదు.

ఈ పద్ధతి పెట్టింది వదిన. మరదలికి నేర్పిందీ ఆమే. వదిన అంటే మొగుడికి అక్క. ఇంట్లో ఎడమొహం పెడమొహంగా ఉన్న రోజుల్లో కూడా అద్దం దగ్గరికొస్తే ఇద్దరి అడుగూ ఒకటే. షాపులో వాళ్లని 'కత్తెర' అనేవాళ్లు. ఒక రేకు లేకపోతే రెండోది దేనికీ పనికిరాదని.

వదిన మీద ఇంకో జోకు కూడా ఉండేది. ఆవిడ నిలబడి నవ్వదు. ఎవరైనా నవ్వొచ్చే మాట మొదలుపెడితే ముందు స్టూలు వెతుక్కుంటుంది. "వదినగారికి నవ్వొస్తోంది, స్టూలు వెయ్యండ్రా" అని గ్రైండింగు బల్ల దగ్గర అరుచుకునేవాళ్లు.

మరదలికి కాన్పయి పదకొండు వారాలు. పనిలో మళ్లీ చేరి నాలుగో రోజు. మూడు రోజులూ కిటికీ పలకలే మోసింది. ఈ రోజు మాత్రం నిలువెత్తు అద్దం. డాన్సు నేర్పే హాలుకి, రెండో అంతస్తుకి. లిఫ్టులో పట్టదు కాబట్టి మెట్ల మీదనే.

మెట్ల కింద ఓనరు ఆపాడు.

"చూడమ్మా, నీకు కుదరదంటే ఇప్పుడే చెప్పు. గ్రైండింగు బల్ల దగ్గరి అమ్మాయిని వదినగారికి జోడీ చేసేస్తాను. నువ్వు ఆ బల్ల దగ్గర కూర్చుని అంచులు రుద్దుకోవచ్చు. సగం దారిలో చేతులెత్తేస్తే మాత్రం ఊరుకోను."

మరదలు నోరు తెరిచేలోపే వదిన అందుకుంది. "దానికేమండీ, గుర్రంలా ఉంది. కన్నది బిడ్డని. కాళ్లేమన్నా విరగ్గొట్టుకుందా?"

మరదలు నవ్వినట్టు మొహం పెట్టింది. పొద్దున్నుంచి గొంతులో చుక్క నీళ్లు పోసుకోలేదు. షాపులో ఒకసారి, ఇక్కడికొచ్చాక ఇంకోసారి బాత్రూముకి వెళ్లొచ్చింది. నల్ల ప్యాంటు లోపల ఒకటి కాదు, రెండు ప్యాడ్లు. తుమ్మితే తడి, దగ్గితే తడి. బిడ్డని ఉయ్యాల్లోంచి తీసినా తడే. పైగా సాయంత్రమయ్యేసరికి కింద ఏదో బరువుగా వేలాడుతున్నట్టు, అడుగేస్తే జారిపోతుందన్నట్టు ఉంటోంది. ఈ సంగతి మొగుడికి తెలియదు. వదినకి అసలే తెలియదు. తెలిసినది ఒక్క ఫిజియోథెరపిస్టుకే.

బిడ్డని తూకం వేయించుకొస్తానని అబద్ధం చెప్పి మొన్న సోమవారం ఆమె దగ్గరికి వెళ్లింది. మొదట్లో ఆసుపత్రిలో ఒక కాగితం ఇచ్చారు. కింది కండరాలు బిగించి వదలాలి, రోజూ చేయాలి అని అందులో రాసి ఉంది. నెల రోజులు ఒక్క పూట తప్పకుండా చేసింది. బస్సులో చేసింది, పాలిస్తూ చేసింది. తగ్గకపోగా ఎక్కువైంది.

"ఏదీ, ఒకసారి చేసి చూపించండి" అంది ఫిజియో, పొత్తికడుపు మీద చెయ్యి వేసి.

మరదలు గుండెల నిండా గాలి పీల్చి ఆపింది. పళ్లు బిగించింది. బలమంతా కిందికి పెట్టింది.

"ఆగండి ఆగండి. ఊపిరెందుకు ఆపారు?"

"బరువెత్తాలంటే ఆపాలి కదండీ."

"ఎవరు చెప్పారు?"

"మా వదిన."

ఫిజియో నవ్వలేదు. బల్ల మీది టూత్‌పేస్టు ట్యూబు తీసి, మూత కిందికి ఉండేలా పట్టుకుంది. "దీన్ని పైనుంచి నొక్కితే పేస్టు ఎటు పోతుంది? మీరు నెల రోజులుగా చేస్తున్నది అదే. కుట్లు పడిన కండరాన్ని ఇంకా కిందికి తోస్తున్నారు. అలా కాదు. గాలి మెల్లగా వదులుతూ, మూత్రం ఆపుకున్నట్టు లోపలికి, పైకి లాగండి. తర్వాత పూర్తిగా వదిలేయండి. వదలడం కూడా కసరత్తే. తగ్గుతుంది, కానీ టైము పడుతుంది. ఇంకో ఆరు వారాలు పెద్ద బరువులు ముట్టొద్దు. చిన్నవి ఎత్తినా సరే, గాలి వదులుతూ ఎత్తండి."

మరదలు చివరి మాటే పట్టుకుంది. గాలి వదులుతూ ఎత్తితే చాలు, ఎవరికీ చెప్పక్కర్లేదు అనుకుంది. ముందు మాట వినపడనట్టే ఊరుకుంది.

"బిగబట్టు" అంది వదిన, మెట్ల మీద నుంచి. పైకి పోయేటప్పుడు వదిన పై కొసన వెనక్కి నడుస్తుంది, మరదలు కింది కొసన ఉంటుంది. బరువంతా కిందివాళ్లదే. ఓనరు రగ్గు ముక్కలు చుట్టిన చెక్క దిమ్మెలు పట్టుకుని వెనకాలే వస్తున్నాడు. "ఒకటి, రెండు, లే!"

వదిన బిగబట్టింది. మరదలు గాలి వదిలింది. రెండు కొసలూ ఒకేసారి లేవలేదు. కింది కొస ఒక్క క్షణం ముందు లేచి అద్దం గిలగిల్లాడింది.

"ఏమే! గాలి వదిలావా?"

"ఊ."

"ఏం పోయేకాలం? నాతోపాటు పట్టు."

అద్దం రెండు ఊపిరుల మీద నడవదు. మరదలు బిగబట్టింది. బిగబట్టగానే బరువంతా కిందికి దిగింది. మొదటి వరస మెట్లు పదకొండూ ఎక్కారు. మలుపులో అద్దాన్ని నిలువుగా తిప్పి, ఒకసారి ఆగి పట్టు సర్దుకున్నారు. మళ్లీ "బిగబట్టు". రెండో వరసలో నాలుగో మెట్టు మీద మొదటి తడి తగిలింది. ఆరో మెట్టు మీద తొడలు దగ్గరకి లాక్కుంది. తొడలు దగ్గరైతే అడుగు చిన్నదవుతుంది. అడుగు చిన్నదైతే అద్దం ఊగుతుంది.

"కాళ్లు తెరిచి నడవ్వే, పెళ్లికూతురి నడకలేంటి!" అంది వదిన పైనుంచి.

"ఊ."

పై అంతస్తులో ఎవరో గోడ గీకుతున్నట్టున్నారు. రెండో మలుపు దగ్గర గాలిలో సున్నం తేలుతోంది. మరదలి ముక్కు చుర్రుమంది.

తుమ్ము.

ఆ క్షణంలో ఆమెకి అన్నీ వరసగా కళ్ల ముందు కదిలాయి. తుమ్మొస్తుంది. ఒళ్లు ముడుచుకుంటుంది. చేతులు వాటంతటవే కిందికి పోతాయి. అద్దం జారుతుంది. రుద్దని అంచది, తోలును కూడా కోసేస్తుంది. ఆ అంచు కింద వదిన వేళ్లున్నాయి. తన చీలమండలూ దాని దారిలోనే ఉన్నాయి. ఇంకో నాలుగు మెట్లు ఎక్కితే హాలు, పని అయిపోతుంది, జోడీ నిలుస్తుంది. ఇక్కడ నోరు తెరిస్తే గ్రైండింగు బల్లే.

"దించు" అంది.

వదిన ఆగిపోయింది. పన్నెండేళ్ల పనిలో వెనకనుంచి మాట రావడం ఆమె వినలేదు. "ఏంటీ?"

"దించు వదినా. ఇప్పుడే."

ఆ గొంతు వినగానే వదిన కింద ఉన్న ఓనరు వైపు చూసింది. "దిమ్మెలు!" అని అరిచింది. ఓనరు పరుగున వచ్చి మలుపులో దిమ్మెలు పడేశాడు. అంచు రగ్గు మీద ఆనింది. అద్దం గోడకి వాలింది. మరదలు చేతులు తీసీ తీయగానే తుమ్మింది. ఒకటి కాదు, మూడు. మూడో తుమ్ముకి ప్యాడ్లు రెండూ ఓడిపోయాయి.

"సగం దారిలో..." అని ఓనరు మొదలుపెట్టాడు.

వదిన అతని మొహం చూడకుండానే అంది. "మీరు వ్యాను దగ్గరికెళ్లి సక్షన్ కప్పులు తీసుకురండి."

"ఇప్పుడు కప్పులెందుకమ్మా?"

"వెళ్లండి చెప్తాను."

అతను గొణుక్కుంటూ దిగాడు. మలుపులో ఇద్దరూ మిగిలారు. అద్దంలో ఇంకో ఇద్దరు. వదిన చూపు అద్దంలోనే మరదలి ప్యాంటు మీదికి దిగి, మళ్లీ మొహం మీదికొచ్చింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"కాన్పయినప్పటి నుంచి."

"మా తమ్ముడికి తెలుసా?"

"లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే జోడీ మారుస్తారని."

వదిన మొహం ఎర్రబడింది. "ఒసే, ఆ అంచు కింద నా వేళ్లున్నాయే! పదీ ఉన్నాయి! నీకు జోడీ కావాలి గానీ జోడీ చేతులు అక్కర్లేదా? ఇంట్లో నాతో ఎన్నైనా దాచుకో. అద్దం దగ్గర దాస్తావా?"

మరదలికి తెలుసు. తప్పు తనదే. మెట్టు మీద కూర్చుని అంతా చెప్పేసింది. కాగితం, నెల రోజుల కసరత్తు, ఊపిరి బిగబట్టి కిందికి తోయడం, టూత్‌పేస్టు ట్యూబు, ఆరు వారాలు. ఏడుపు రాలేదు. సిగ్గు అంతకుముందే అయిపోయింది.

వదిన వింటూ, నడుముకి ఎప్పుడూ కట్టుకుని ఉండే పాత చొక్కా విప్పి మరదలి ఒళ్లో పడేసింది. మరదలు నడుముకి చుట్టుకుంది. ఎండాకాలమైనా ఆ చొక్కా వదిన నడుము మీద లేని రోజు లేదు.

కింద వ్యాను తలుపు చప్పుడైంది. ఓనరు వచ్చేస్తాడు. వదిన అద్దం అంచు మీది దుమ్ముని వేలితో తుడుస్తూ, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఆ కసరత్తు... చాలా ఏళ్లయిపోయినా పనిచేస్తుందంటావా?"

మరదలు తలెత్తింది. స్టూలు గుర్తొచ్చింది. నిలబడి నవ్వని మనిషి. ప్రతి అద్దానికి ముందు "చెయ్యి కడుక్కొస్తా" అని పోయే మనిషి. ఇంట్లో ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి పద్దెనిమిది.

"నీకూనా వదినా?"

"గట్టిగా అరవ్వే, వీధి చివర వాళ్లకి వినపడలేదంట."

"పద్దెనిమిదేళ్లా!"

"అందరికీ అంతేలే అనుకున్నాను. బిగబట్టు బిగబట్టు అని ఊరందరికీ నేర్పాను" అంది వదిన. తర్వాత ఒక్క ముక్క. "నీకూ నేర్పాను."

ఓనరు అద్దానికి అతుక్కునే ఆ పిడి కప్పులతో వచ్చాడు, ఆయాసపడుతూ. వదిన గొంతు మామూలుగా అయిపోయింది.

"ఇది ఇద్దరి అద్దం కాదండీ, ముగ్గురిది. మీరూ, వ్యాను డ్రైవరూ కింద పట్టండి. పైన నేనుంటాను. కప్పులు బిగించండి, బరువు పంచుకుందాం."

"మరి ఈవిడ?"

"ఆరు వారాలు ఇది బరువు ముట్టుకోదు. డాక్టరు మాట. ఆ తర్వాత మళ్లీ నా జోడీ."

"అలా ఎలా కుదురుతుందమ్మా? నేను ముందే చెప్పాను కదా, సగం దారిలో..."

"సగం దారిలో చెప్పింది కాబట్టే మీ అద్దం ముక్కలవలేదు. నా వేళ్లు నా చేతికే ఉన్నాయి. అర్థమైందా? కుదరదంటే చెప్పండి, కత్తెర రెండు రేకులూ మీ బల్ల మీద పెట్టేసి పోతాం."

ఓనరు అద్దం వైపు చూశాడు, ఆమె చేతుల వైపు చూశాడు. "ఆరు వారాలే" అన్నాడు చివరికి. "మరి అంతదాకా ఏం చేస్తుంది?"

"'ఒకటి, రెండు, లే' అని పిలుపు ఇస్తుంది. ఆ పిలుపు కూడా మారింది. ఇకమీదట బిగబట్టేది లేదు, ఊదాలి."

"ఊదడమా? అద్దం ఎత్తుతున్నామా, పొయ్యి రాజేస్తున్నామా?"

వదినకి నవ్వొచ్చింది. చప్పున మెట్టు మీద కూర్చుంది. మరదలు ఆమె వైపే చూస్తోంది. ఈసారి మరదలు నవ్వలేదు. "వచ్చే సోమవారం పదింటికి" అంది మెల్లగా. "ఇద్దరం." వదిన తల ఊపి, కళ్లు తుడుచుకుని లేచింది.

డ్రైవరు వచ్చాడు. ముగ్గురూ తమ తమ చోట్లలో నిలబడ్డారు. మరదలు నాలుగు మెట్లు పైకెక్కి, హాలు గుమ్మంలో, అద్దం రెండు కొసలూ కనపడేచోట నిలబడింది. ఇంతకాలం ఆమెకి "ఊ" తప్ప మాట లేదు. గొంతు సవరించుకుంది. మగవాళ్లిద్దరూ అలవాటుకొద్దీ ఛాతీలు నింపుకుని బిగుసుకుపోయి ఉన్నారు.

"అట్లా కాదు. ఆపొద్దు" అంది. "ఊదండి."

మూడు నోళ్లలోంచి గాలి ఒకేసారి బయటికొచ్చింది. అద్దం మీద వదిన ఊపిరి పొగలా పట్టింది.

"ఒకటి, రెండు, లే."

అద్దం లేచింది. ఒక్క ఊపు కూడా లేదు.