నీళ్ళు తాగిన జాకెట్లు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. మా ఆయన పోయాక, యాభై దాటిన వయసులో అక్షరాలు దిద్దాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ నిండేసరికి పొద్దు వాలిపోతుంది. అయినా దీన్ని ఇంకొకరి చేత రాయించబుద్ధి కాలేదు. పని చేసుకునేవాళ్ళూ, చదువుకునే పిల్లలూ, తప్పులు దిద్దుకుంటూనే చదవండి. ఇది గ్రేస్ కథ. మల్లాపూర్ కుట్టు షెడ్డులో ఆమె పక్క మిషన్ నాది.

కృష్ణ మీది జలాశయం ఒడ్డున శవాలను వరసగా పడుకోబెట్టారు. గ్రేస్ భర్త బెంజమిన్ ఆ వరసలో చివరివాడు. అతని ఊరు అవతలి ఒడ్డున ఉంది. డ్యాం కట్టినప్పుడు రోడ్డు మునిగింది. వంతెన రాలేదు. సర్కారు పడవ ఒక్కటే దారి. ఏటా నవంబరులో సమాధుల పండుగకు బెంజమిన్ ఆ పడవెక్కి వెళ్ళి అమ్మానాన్నల సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి వచ్చేవాడు. ఆ ఏడు గ్రేస్‌కు సెలవు దొరకలేదు. అతనొక్కడే సున్నం బకెట్ పట్టుకుని పోయాడు. నడి నీళ్ళలో పడవ మునిగింది.

ఒడ్డున ఒక అధికారి టీవీ వాళ్ళతో మాట్లాడుతున్నాడు. "ప్రతి ప్రయాణికుడికీ లైఫ్ జాకెట్ ఇచ్చాం. వాళ్ళే వేసుకోలేదు. ప్రజల్లో అవగాహన లేదు."

గ్రేస్ నేల మీద నుంచి లేచింది.

"సారూ, జర ఇటు సూడు. గీయన యేసుకున్నడు. బెల్టులన్ని బిగిచ్చి కట్టుకున్నడు. ఇంకేం అవగాహన గావాలె మీకు?"

కెమెరాలు ఇటు తిరిగాయి. అధికారి అరచెయ్యి అడ్డం పెట్టాడు. కానిస్టేబుల్ ఒకడు గబగబా బెల్టులు కోసి జాకెట్‌ను లాగబోయాడు. ఒక్కడి వల్ల కాలేదు, ఇంకొకడు వచ్చి పట్టాడు. పిండని బొంతలా బరువుగా ఉంది. పక్కకు విసిరేస్తే ఇసుకలో చాలాసేపు నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

అప్పుడు గ్రేస్ లోపలి కుట్టు చూసింది. అంచు చివర వేలెడు ఆకుపచ్చ దారం వేలాడుతోంది.

సర్కారు పడవల లైఫ్ జాకెట్లు కుట్టేది మా షెడ్డులోనే. ఒక్కో జాకెట్ చాలా చేతులు మారుతుంది. ఒకరు గుడ్డ కత్తిరిస్తారు, ఒకరు నింపుతారు, ఒకరు అంచు కుడతారు, ఒకరు బెల్టు వేస్తారు. కూలి లెక్కకు అంచు కుట్టేవాళ్ళు లోపల తమ రంగు దారం కొస వదులుతారు. గ్రేస్‌ది ఎరుపు. ఆకుపచ్చ సూర్యకళది.

ఆ జాకెట్‌ను తువ్వాలలో చుట్టుకుని, శవం వెంట ఇంటికి తెచ్చుకుంది గ్రేస్.

అందులో ఉన్నది స్పంజి. మొదటి విడతకు మంచి ఫోమ్ వచ్చింది. అది తనిఖీ వాళ్ళకు చూపించారు. తర్వాత పాత పరుపుల స్పంజి మూటలు దిగాయి. కటింగ్ చేసే వెంకటయ్య ఒకసారి అడిగాడు కూడా. షెడ్డు సేటు రాఘవేంద్ర నవ్వాడు. "పరీక్షకు పోయేటియి పోయినయి. గివి పడవల కొక్కేనికి ఏలాడేటియి. ఎవడేసుకుంటడు వెంకటయ్యా?" అన్నాడు. ఆడవాళ్ళు మాత్రం కూలి కోతపడకుండా ప్రతి అంచూ రెండు వరసలు కుట్టారు. ఆ కుట్టు ఎంత బిగువుగా పడిందో, లోపలికి పోయిన నీళ్ళను అంత గట్టిగా పట్టుకుంది.

నాచారం బస్తీలో గ్రేస్ ఇంటి ముందు బెంజమిన్ కోసం ఆదరణ కూడిక ప్రార్థన జరిగింది. పాటలైపోయి టీలు తాగుతుంటే ఎమ్మెల్యే సీతారామయ్య వచ్చాడు. పడవ మునిగిన రేవు ఆయన నియోజకవర్గంలోది. ప్రతిపక్షం మనిషి. అరిచి అరిచి గొంతు పోయి ఉంది.

"అసెంబ్లీల మూడు మాటలడిగిన. పడవ నడవచ్చని కాయితమిచ్చిందెవరు? జాకెట్లు కొన్నదెవరు? బాగున్నయని సంతకం వెట్టిందెవరు? మంత్రి లేసి, ఎవ్వరు యేసుకోలేదని చెప్పి కూసున్నడు. యేసుకున్న జాకెట్ ఒక్కటి నా చేతికిస్తే సభల పెడత."

జాకెట్ ఎక్కడుందో షెడ్డు వాళ్ళందరికీ తెలుసు. గ్రేస్ తల తిప్పి సూర్యకళ వైపు చూసింది.

సూర్యకళది తణుకు దగ్గర పల్లె. లారీ ఆఫీసులో గుమాస్తా పని దొరికిన భర్త వెంట వచ్చింది. తెలంగాణ రాష్ట్రం కోసం ఊరంతా ఊరేగింపులు జరుగుతున్న రోజులవి. అయినా షెడ్డులో గ్రేస్, సూర్యకళ ఒకే టిఫిన్ గిన్నెలో తినేవాళ్ళు.

బెంజమిన్ చెల్లెలు మరియా అదే షెడ్డులో పని చేస్తుంది. ఆమె లేచింది. "ఇయ్యి వదినే, ఎందుకాగుతున్నవ్? మా అన్నను మింగింది గా ఆంధ్రామె దారమే గద!"

"నోర్మూస్కో," అంది గ్రేస్. "స్పంజి గూడ ఆంధ్రకెల్లి వచ్చిందానే? సేటుది ఏ ఊరు? మన కీసర పక్కనే గద?"

వెంకటయ్య సీతారామయ్య వైపు తిరిగాడు. "సారూ, జాకెట్ మీ చేతికిస్తే పోలీసులు మా షెడ్డుకే వస్తరు. దారం వట్టుకోని మా మనిషినే గుంజకపోతరు."

"ఆమెకేం గాదు. నాది పూచీ."

"మీ పూచీలు మస్తు సూసినం సారూ. గా రేవుకు వంతెన గూడ పూచీనే ఇచ్చిన్రంట గద ఓట్లప్పుడు?"

సీతారామయ్య తల దించుకున్నాడు. "ఇచ్చిన. తేలేదు. గందుకే గిప్పుడు అడుగుతున్న."

సూర్యకళ వచ్చి గ్రేస్ ముందు కూర్చుంది. "నన్ను చూసి ఆగకు వదినా. అన్నయ్య ఒంటి మీద ఉన్నది నేను కుట్టిందేనని తెలిసిన కాణ్ణించి నాకు ముద్ద దిగట్లేదు. ఇచ్చెయ్యి."

గ్రేస్ లోపలికి వెళ్ళి తువ్వాల మూట తెచ్చి సీతారామయ్య చేతిలో పెట్టింది.

మర్నాడు మల్లాపూర్ టీ బండి దగ్గర టీవీలో అందరం చూశాం. సీతారామయ్య సభలోకే నీళ్ళ తొట్టి తెప్పించి, మంత్రి ముందే జాకెట్‌ను అందులో వేశాడు. అది ఓ క్షణం తేలి, పక్కకు ఒరిగి, అడుగుకు పోయింది. "గిది తొడిగి మనుషుల్ని నీళ్ళలకు పంపిన్రు! ఎవరిదయ్యా సంతకం?" అన్నాడు. అంతే, మైకు ఆగిపోయింది. మార్షల్స్ ఆయన్ని చేతులూ కాళ్ళూ పట్టి ఎత్తుకుపోయారు. ఆయన పక్క కుర్చీల్లోని సొంత పార్టీ వాళ్ళే కదల్లేదు. ఆ జాకెట్ల టెండరు మొదలైంది వాళ్ళ రాజ్యంలోనే. ఆ సంగతి ఆయనే తర్వాత మాతో చెప్పాడు.

ఆ మధ్యాహ్నమే షెడ్డుకు జీపు వచ్చింది. ఆకుపచ్చ దారం ఎవరిదని అడిగితే సేటు వేలు చూపించాడు. సూర్యకళను మిషన్ మీద నుంచి లేపి తీసుకుపోయారు. బాధ్యులపై కఠిన చర్య అని టీవీలో అక్షరాలు పరుగెత్తాయి. పడవ బాధ్యత మొత్తం ఒక సూది మీద పెట్టింది సర్కారు.

సేటు షెడ్డు మధ్యకు వచ్చి నిలబడ్డాడు. "ఫోమ్ దొంగిలిచ్చి స్పంజి నింపిందట గామె. పరాయిది, ఏమన్న జేస్తది. మీరు ఫికర్ జెయ్యకున్రి. ఇంకో రేవుకు జాకెట్లు పోవాలె, సాయంత్రం లారీ వస్తది. కుట్టుండ్రి."

గ్రేస్ తన ముందున్న జాకెట్ నొక్కి చూసింది. అదే స్పంజి. ఆమె పాదం ఆగింది. ఆమె మిషన్ ఆగితే పక్కనున్న నా మిషన్ ఆగింది. వెనక వరస కూడా ఆగింది.

"ఏందే, ఏమాయె?" అన్నాడు సేటు.

వెంకటయ్య నడుచుకుంటూ పోయి మెయిన్ స్విచ్ దించాడు. "కరెంటు పోయింది సేటూ."

మల్లాపూర్ నుంచి నాచారం దాకా నడిచాం. సూర్యకళను పెట్టిన ఠాణా ముందు బైఠాయించాం. ఇన్‌స్పెక్టర్ బయటికి వచ్చి, గ్రేస్ ఎవరో కనుక్కుని, ఆమెతోనే మాట్లాడాడు.

"నీ మొగడు సచ్చింది గామె కుట్టిన జాకెట్‌లనే గదమ్మా. ఆమె కోసమే ధర్నానా? సిగ్గుండాలె."

గ్రేస్ నోరు విప్పేలోపే మరియా ముందుకు తోసుకొచ్చింది. ఏడుస్తోంది.

"స్పంజి నింపింది నేను సార్. నా చేతులతోని నింపిన. మా అన్న పానం తీసింది గదే. ముందు నా పేరు రాసుకో."

"గుడ్డ గోసింది నేను," అన్నాడు వెంకటయ్య.

"బెల్టేసింది నేను." "మడత వెట్టింది నేను." గొంతు మీద గొంతు లేచింది.

"అందర్ని లోపలేస్త. జైలు తిండి సంగతి ఎరికేనా?"

"సేటు పెట్టే చాయ్ కన్న బాగనే ఉంటది సార్," అన్నాడు వెంకటయ్య. ఆ కోపంలో కూడా జనం గొల్లుమన్నారు.

గ్రేస్ నవ్వలేదు. "మేం కుట్టినం, కాదంటలేం. స్పంజి నింపుమన్నోడు ఇంట్ల కూసున్నడు. బాగున్నదని సంతకం జేసినోడు ఏసీల కూసున్నడు. వాళ్ళిద్దరు వచ్చి సూర్యకళ పక్కన కూసునేదాంక మేం బయటికి రాం. బెయిలిచ్చినా రాం."

వ్యాన్లు తెప్పించారు. అప్పటికి సీతారామయ్య చేరుకుని వ్యాన్ మెట్టు మీద కాలు పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరొద్దు సార్. మీరు ఎమ్మెల్యే."

"గందుకే ఎక్కాలె. నేను సంతకం జేసినోణ్ణి అడిగితే, మీరు కుట్టినామెను పట్టుకొచ్చిన్రు."

"ఎక్కు సారూ," అంది గ్రేస్ లోపల్నుంచి. "ముందు సీటు గాదు. మాతోని కింద కూసో."

ఆయన ఎక్కి కింద కూర్చున్నాడు. సూర్యకళను కూడా అదే వ్యాన్‌లోకి నెట్టారు. చోటు లేక మరియా ఒళ్ళోనే కూర్చోవలసి వచ్చింది. మరియా ఆమెను రెండు చేతులా పట్టుకుంది.

నాచారం రోడ్డు మీద షిఫ్టు వదిలారు. బిస్కెట్ల కంపెనీ వాళ్ళు, మందు బిళ్ళల కంపెనీ ఆడపిల్లలు రోడ్డు నిండా వస్తున్నారు. వ్యాన్ కదలలేక ఆగింది. ఒక పెద్దామె వ్యాన్ కిటికీ జాలీ దగ్గరికి వచ్చింది. "ఏం జేసిన్రమ్మా మీరు?"

గ్రేస్ జాలీకి మొహం ఆనించింది. "మునిగే జాకెట్లు కుట్టినమక్కా. నా పెనిమిటి మునిగిండు. ఇంకో రేవుకు పోయేటియి షెడ్డుల మూటలు గట్టి ఉన్నయి. సాయంత్రం లారీ వస్తది. కదలనియ్యకున్రి."

పెద్దామె ఇంకేమీ అడగలేదు. వెనక్కి తిరిగి ఏదో గట్టిగా అరిచింది. రోడ్డు మీది జనం ఇళ్ళ వైపు కాకుండా మల్లాపూర్ వైపు తిరిగారు. వ్యాన్‌కు దారి దొరికింది. ఆ లారీకి మాత్రం దొరకలేదు.

సాలమ్మ, వయసు అరవై నాలుగు. ఇప్పుడు ఉండేది పీర్జాదిగూడలో, కట్టుబడి కూలీల రేకుల ఇళ్ళ దగ్గర.