కుంటి రౌతు

లియోంతిన్ మొగుడు అన్సెల్మ్ ఫ్రెంచి గుర్రపు దళంలో రౌతు. యుద్ధం మొదలైన రెండో నెలలోనే ఫిరంగి గుండుకి గుర్రం చచ్చింది, అతని ఎడమ మోకాలు నుజ్జయింది. ఊరంతా అయ్యో అంది. లియోంతిన్ మాత్రం ఏడు నెలల పిల్లని చంకనేసుకుని చర్చికి పోయి, ఆ కాలు అలాగే ఉండిపోవాలని మొక్కుకుంది. ఇంత పాపిష్టి మొక్కు ఏ ఆడదీ మొక్కి ఉండదని ఆమెకి తెలుసు. కానీ ఆ ఊరి మగాళ్ళు అప్పటికే పదకొండుమంది యుద్ధంలో చచ్చిపోయారు.

వైద్యపరీక్ష నుంచి అన్సెల్మ్ నవ్వుతూ వచ్చాడు.

"గుర్రమెక్కడానికి పనికిరానట. కందకాలకీ పనికిరానట."

"అమ్మయ్య!" అత్తగారు ఒనొరిన్ గబగబా శిలువ గుర్తు వేసుకుంది. "ఇక కుంటుకుంటూ ద్రాక్షతోట చూసుకో నాయనా."

"విమానానికి పనికొస్తానన్నారమ్మా."

సూప్ కలుపుతున్న లియోంతిన్ చెయ్యి ఆగిపోయింది.

"ఎవరడిగారయ్యా వాళ్ళని?"

"నేనే. అర్జీ పెట్టి నెలైంది."

"నడవలేని మనిషిని ఎగరమంటారా? మతుండే అన్నారా?"

"నడిచే పనేముందే పిచ్చిదానా, కూర్చోవడమేగా! మీ నాన్న ఎడ్లబండి కంటే సుఖం."

"మా నాన్న బండి మీంచి పడితే బురదంటుతుంది. అంతే."

అత్తగారు కిసుక్కున నవ్వి, ఆ వెంటనే కళ్ళొత్తుకుంది. అన్సెల్మ్ నవ్వలేదు.

"అక్కడ మావాళ్ళు ఎలుకల్లా చస్తున్నారు లియో. నేనిక్కడ తీగలు కత్తిరిస్తూ కూర్చోలేను."

వారం తిరక్కుండానే అతను రైలెక్కాడు. విమానాల బడిలో నాలుగు నెలలున్నాడు. ఏడాదిపాటు శత్రువుల ఫిరంగులెక్కడున్నాయో పైనుంచి చూసి చెప్పాడు. తర్వాత ఒక్కడే కూర్చునే చిన్న విమానం, దానికో మరతుపాకీ ఇచ్చారు. వేటాడే దళమన్నారు. శత్రు విమానం ఒకటి కూల్చాడు, రెండు కూల్చాడు. ఉత్తరాల్లో మాత్రం వాతావరణం సంగతులే రాసేవాడు.

ఐదోది కూల్చాక, ఐదు కూల్చినవాళ్ళందరికీ వేసినట్టే, పేపర్లో అతని పేరూ వేశారు. మేయరు స్వయంగా వైను సీసా పట్టుకుని ఇంటికొచ్చాడు. వెనకే ఇరుగుపొరుగు.

"ఐదు కూల్చాడుగా మేయరుగారూ," లియోంతిన్ నెమ్మదిగా అడిగింది, "ఇక ఇంటికి పంపేస్తారా?"

ఆయన పకపకా నవ్వాడు. "పంపడమా! పనికిమాలినవాణ్ణి పంపుతారు గానీ, ఇలాంటివాణ్ణి ఎవరైనా వదులుకుంటారా తల్లీ?"

అందరూ గ్లాసులెత్తారు. ఆమె చేతిలోనూ ఒకటి పెట్టారు. అంతా తనవైపే చూస్తుంటే, తాగక తప్పింది కాదు.