నీటిపైఁ దేలిన భస్మము

ఆషాఢమేఘసంఛన్నమై దినములతరబడి సూర్యదర్శనము లేక నిరంతరవర్షధారాపాతపంకిలములైన వీథులతో గౌతమీతీరమునందలి యా పల్లె యెల్ల మ్రానుపడియున్న యొక మధ్యాహ్నమున వైద్యుఁడు ముక్కామల భైరవమూర్తి కల్వము ముందుఁ గూర్చుండి తామ్రభస్మమును నూఱుచుండెను. లోపలిగదిలో నాతని భార్య రత్నాంబ యుదరరోగపీడితయై మంచము పట్టియుండెను. ఆ మందొక్కటియే యామెకు దిక్కు.

రాగిని గాల్చి నూఱి మరలఁ గాల్చి పెక్కు పుటములు పెట్టినఁగాని యది విషగుణమును విడిచి యౌషధము గాదు. పొడి పరిపక్వమైనదో లేదో యెఱుఁగుటకు నిశ్చలజలముపైఁ జల్లుదురు. తేలినది మందు, మునిఁగినది మరలఁ బుటమునకుఁ బోవలయును. పెరుగులోఁ గలిపి, పచ్చఁబడినచోఁ బక్వము కాలేదని తేల్చు పరీక్షయుఁ గలదు గాని దానికిఁ బూట పట్టును. భార్య మూలుగు వినుచున్న మగనికిఁ బూటసేపెక్కడిది?

అతఁడు చిటికెడు పొడిని గిన్నెలోని నీటిపైఁ జల్లెను. పొడి తేలెను. మిగిలిన పుటములను మానుకొని దానిని దేనెతో రంగరించి లోపలికిఁ గొనిపోయెను.

"నీళ్ళమీద తేలిందా అండీ?" అని రత్నాంబ యడిగెను.

"తేలింది. ఇంక భయం లేదు."

ఆమె నమ్మి మ్రింగెను. కొంతసేపటికే పచ్చని వాంతులును దలతిరుగుటయు మొదలిడెను. వంటయింటినుండి వచ్చిన యతని యక్క సూరమాంబ కల్వమువంకఁ జూచి తెల్లఁబోయెను.

"తమ్ముడూ, నా మోకాళ్ళకి ఆముదంతో లేపనం నూరింది ఈ కల్వంలోనే కదా. కడిగావా?"

కడుగలేదు. గుడ్డతోఁ దుడిచెను. అయ్యో, ఎంత పని జరిగెను! అక్కను రోగికడ నుంచి యతఁడు మిగిలిన పొడిని బెనముపై వేఁడిచేయఁగా నాముదపు కమురు కంపు గుప్పుమనెను. ఆ జిడ్డు కాలిపోయిన పొడిని జల్లార్చి మరల నీటిపైఁ జల్లెను. అది యిసుకవలె నడుగంటెను. కణకణమునకుఁ బట్టిన చమురు నీటిని దరిఁజేరనీయక యపక్వమైన ముతకపొడిని దేల్చినదని యప్పుడు తెలిసెను.

అతఁడు లోపలికిఁ బోవునప్పటికి రత్నాంబ చేయి చాఁచియుండెను.

"ఇంకో మోతాదు ఇవ్వండి. తేలిందన్నారుగా."

"అది మందు కాదు రత్నం. నేను మోసపోయాను" అని యతఁడు మంచముకడఁ గూలఁబడి యేడ్చెను. ఆమె చాఁచిన చేయి దింపలేదు. మాట వినఁబడు స్థితి యామెకు దాఁటిపోయెను. అతఁ డెఱిఁగిన విఱుగుళ్లేవియుఁ బనిచేయలేదు. సంధ్యవేళకుఁ బ్రాణము పోయెను.

పరామర్శకు వచ్చినవారెల్ల నాయువు తీరినదనిరి. భైరవమూర్తి కాదనెను. నీటికిఁ గణముయొక్క పైపూఁత మాత్రమే తెలియును. లోని పచ్చిదనము రోగి కడుపునకే తెలియును.