ఓడకు పంపిన ఫొటోలు

మారిట్ ఇనుప ఖనిజం మోసే ఓడలో వంటమనిషి. ఒకసారి ఎక్కిందంటే నెలల తరబడి అమెరికాలోని సుపీరియర్ అనే పెద్ద సరస్సు మీదే. ఓడ తమ ఊరు డులూత్ రేవుకు వచ్చినప్పుడు కాసేపు దిగి, పిల్లల్ని ముద్దాడి, మళ్ళీ ఎక్కేస్తుంది. ఆమె మొగుడు వెండెల్ స్కూలు బస్సు నడుపుతూ, ఎనిమిదేళ్ళ సిగ్నీనీ, ఇంకా సరిగా మాటలు రాని టోవానీ చూసుకుంటూ, వంట, బట్టలు, చీమిడి ముక్కులు అన్నీ ఒంటిచేత్తో లాక్కొస్తున్నాడు.

వెళ్ళేముందు మారిట్ ఒకటే అడిగింది. "రోజూ ఒక ఫొటో పెట్టు. ఒడ్డు దగ్గరికొచ్చి సిగ్నల్ దొరికినప్పుడు అన్నీ కలిపి చూసుకుంటా."

మొదట్లో అతను పిల్లలిద్దరినీ ఫ్రిజ్‌కు ఆనించి నిలబెట్టి తీశాడు.

"పోలీస్ స్టేషన్లో దొంగల్ని నిలబెట్టినట్టు ఏంటయ్యా అది!" అని ఫోన్లో నవ్వింది మారిట్. "నాకు ఇల్లు కనపడాలి."

బస్సుల షెడ్డులో పనిచేసే డార్లీన్‌కు ఫొటోల పిచ్చి. ఆమెను అడిగితే, "నేల మీద పడుకుని తియ్యి బాబూ, పిల్లల ఎత్తులోంచి. ప్రతిసారీ మొహాలే ఎందుకు? చేతులు తియ్యి, కాళ్ళు తియ్యి. కిటికీ వెలుగుండగా తియ్యి," అంది.

వెండెల్ అలాగే చేశాడు. బల్ల కింద ఊగుతున్న టోవా పాదాలు. గుమ్మంలో బోర్లా పడ్డ బురద బూట్లు. చిల్లుల గిన్నెలోంచి సిగ్నీ చెంప మీద పడ్డ వెలుగు చుక్కలు. ఓడలో అందరికీ చూపించుకుని మురిసిపోయింది మారిట్.

అక్టోబరు వచ్చేసరికి ఆ ఫొటో కూడా ఒక చాకిరీ అయిపోయింది. చీకటి పడకముందే ఇంటికి చేరాలి, ఏదో ఒకటి కొత్తగా ఆలోచించాలి. ఒక ఆదివారం పొద్దున పాన్‌కేకులు వేస్తూ సిగ్నీ ముక్కు మీద ఇంత పిండి రాశాడు.

"నవ్వమ్మా, ఒక్కసారి."

"నవ్వను."

"అమ్మకి పంపాలి కదా. దా, బంగారం."

"అందుకే నవ్వను!" సిగ్నీ అరిచింది. "నవ్వితే మనం బాగున్నామనుకుంటుంది. బాగున్నామనుకుంటే ఇంకెందుకొస్తుంది?"

అటు తిరిగి ముక్కు తుడుచుకుంది. పొయ్యి మీద పాన్‌కేకు మాడి ఇల్లంతా పొగ కమ్మింది. వెండెల్ పొయ్యి ఆర్పి, నిలబడే ఓపిక లేక నేల మీదే చతికిలబడ్డాడు. అక్కడినుంచే, ఏ ఆలోచనా లేకుండా, ఒక ఫొటో నొక్కాడు. సిగ్నీ వీపు, పొగ, నేల మీది పిండి నాకుతున్న టోవా, సగం అతని మోకాలే. 'ఇవాళ ఇలా ఉన్నాం' అని రాసి పంపేశాడు.

రెండ్రోజులకు ఓడ ఒడ్డు దగ్గరికి రాగానే మారిట్ ఫోన్ చేసింది.

"ఇన్నాళ్ళూ ఆ ఫొటోలు చూసి, నేను లేకపోయినా మీకు హాయిగానే ఉందనుకున్నా వెండెల్. ఒక్కోసారి ఫోన్ తీసి విసిరేద్దామనిపించేది."

"హాయా? ఆ ఫొటోల కోసం నేలమీద పాకీ పాకీ నా మోకాళ్ళు అరిగిపోయాయే తల్లీ!"

ఆమె నవ్వబోయి ఏడ్చింది. సిగ్నీని పిలవమంది. "నువ్వు నవ్వినా వస్తాను, ఏడ్చినా వస్తాను. నా పని ఓడ మీద కాబట్టి వెళ్తున్నాను నాన్నా, అంతే."

"ఎప్పుడొస్తావ్?"

"శనివారం రేవులో ఉంటాం. మధ్యాహ్నం దిగుతా."

శనివారం జోరున వాన. రేవు గేటు ముందు కారులో కాచుకున్నారు. మారిట్ పరిగెత్తుకుంటూ వచ్చి వెనకసీట్లో పిల్లలిద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఒళ్ళంతా ఉల్లిపాయల వాసన. ఇద్దరినీ ముద్దులతో ముంచేసి, తుఫానులో సూపు గిన్నె ఎలా ఎగిరిపడిందో చెప్పడం మొదలుపెట్టి, మధ్యలోనే నోరు తెరుచుకుని నిద్రపోయింది.

"అమ్మా..." అనబోయిన టోవా నోరు మూసింది సిగ్నీ. "నాన్నా, లేపకు."

"ఇంటికి పోదామా మరి?"

"వద్దు, కదిలితే లేస్తుంది." కాసేపు అమ్మనే చూసింది. "నాన్నా, ఫొటో తియ్యి. అమ్మ వెళ్ళిపోయాక మనం చూసుకోడానికి."

వెండెల్ ముందుసీట్లోంచి వెనక్కి తిరిగి తీశాడు. అద్దాలు ఆవిరి పట్టి అంతా మసగ్గా వచ్చింది. సిగ్నీ అమ్మ భుజం మీద తల వాల్చింది. వాన తగ్గలేదు. వెండెల్ సీటును కొంచెం వెనక్కి వంచి తనూ కళ్ళు మూసుకున్నాడు.