‘హెచ్’ లేని సక్కర్

గులాం నెట్‌వర్క్ కేబుల్ కొసలోని ఎనిమిది తీగలను గోటితో వరసకు దిద్ది, ఉఫ్‌మని ఊది, ప్లగ్గులోకి దూర్చి పటకారు నొక్కాడు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ రంగుల వరస ఒక్కసారి తప్పింది లేదు. బోధన్ బస్టాండు దగ్గర ఆయన కొట్టుకు బోర్డు ఉండదు. కొత్త కొట్లవాళ్లు “పాతది, పారేయండి” అన్న కంప్యూటర్లన్నీ చివరికి ఆయన బల్ల మీదికే చేరతాయి. “పారేసుడు అందరికి వస్తది” అంటాడు గులాం. ఆ మాటలో గర్వం ఉంది. ఉండనీ, చెమటోడ్చి సంపాదించుకున్నదే.

ఫోను మోగింది. ఎడపల్లి భూమన్న కూతురు త్రివేణి.

“చాచా, బాపు కంప్యూటర్ల టకటక సప్పుడు వస్తున్నది. తెర నల్లగయింది.”

“బంద్ చెయ్యకు బిడ్డా. నేనొస్తున్న.”

భూమన్న రుద్రూర్ పరిశోధన కేంద్రంలో రోజూ పొద్దున వాన కొలిచే పని చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉండగానే సొంత మిద్దె మీద కూడా ఒక కొలత డబ్బా పెట్టుకున్నాడు. ముప్పయ్యొక్క ఏళ్ల లెక్క. నోటుపుస్తకాలు చెదలు తిన్నాయి. అంతకుముందే త్రివేణి కూర్చుని అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది కాబట్టి సరిపోయింది. చెరుకు నాటేముందు చుట్టుపక్కల రైతులు ఆ ముసలాయన్ని అడిగిపోతారు. ఇప్పుడు ఆ వానంతా టకటకలాడుతున్న ఒక్క కంప్యూటర్ డబ్బాలో ఉంది.

గులాం మోపెడ్ దిగి నేరుగా డబ్బాకు చెవి ఆనించాడు. పదహారేళ్ల కింద తన చేత్తో బిగించినదే. లోపలి డిస్క్ అరిగిపోయింది. ఒకసారి ఆగితే మళ్లీ తిరగదు. అందుకే విప్పడానికి లేదు. తెరకు బొమ్మ పంపే భాగమే పోయింది, ఇంకో తెర తగిలించినా లాభం లేదు. మిగిలింది ఒకటే దారి: పై గదిలోని ఇంటర్నెట్ డబ్బీకి వైరు వేసి, అక్కడ త్రివేణి లాప్‌టాప్ నుంచి దీన్ని పేరు పెట్టి పిలిచి, లోపలున్నది అడిగి తెచ్చుకోవాలి.

మెట్ల మధ్యలో ఆగి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, వైరు చూస్తున్నట్టు నటించాడు. తర్వాత పైకెక్కాడు.

లాప్‌టాప్‌కూ పదేళ్లుంటాయి. అయినా పాతవాటితో మాట్లాడే అలవాటు దానికి కంపెనీవాళ్లు మాన్పించేశారు. గులాం సెట్టింగుల్లోకి వెళ్లి ఆ అలవాటు మళ్లీ నేర్పాడు. పాత కంప్యూటర్ పేరు గుర్తే. షక్కర్. చక్కెరకు ఉర్దూ మాట. ఎస్, హెచ్, ఏ అంటూ అక్షరాలు కొట్టాడు. దొరకలేదు. వైరు మార్చాడు. దొరకలేదు. డబ్బీ మీద పచ్చ లైటు బాగానే వెలుగుతోంది. కిందినుంచి టకటక మాత్రం నెమ్మదిస్తోంది.

త్రివేణి గోడకు ఆనుకుని నిలబడింది. “నాతోని కాదు” అన్న మాట గులాం నోట ఎన్నడూ రాలేదు. ఇవాళ నాలుక చివరిదాకా వచ్చింది.

కిందినుంచి భూమన్న కేకేశాడు.

“గులాం భాయ్, మన సక్కర్ పలుకుతున్నదా?”

గులాం చేతులు ఆగిపోయాయి.

పదహారేళ్ల కింద పేరు అడిగినప్పుడు, “సక్కర్ అని పెట్టు. చెరుకు పండేకాడ ఇంకేం పేరు” అన్నాడు భూమన్న. “షక్కర్ అనాలె అన్నా” అని గులాం నవ్వాడు. “మా ఇంట్ల గట్లనే అంటరు” అన్నాడాయన. ఇల్లు ఆయనది, పేరూ ఆయన నోటిదే ఉండాలని గులాం అలాగే రాశాడు. ఇన్నేళ్లకు ఆ సంగతి మరిచి, తన నాలుకకు అలవాటైన షక్కర్‌ను కొట్టుకుంటూ కూర్చున్నాడు.

“తప్పు మిషన్‌ది కాదు బిడ్డా. నా ఉర్దూది.”

హెచ్ ఒక్కటి చెరిపేశాడు. పాత కంప్యూటర్ తలుపు తెరిచింది. లోపల ‘వాన’ అన్న ఫోల్డర్. ముప్పయ్యొక్క ఏళ్ల వాన నాలుగు నిమిషాల్లో పైగదికి వచ్చేసింది. అది వచ్చిన కాసేపటికి కింద చప్పుడు ఆగిపోయింది.

భూమన్న మెల్లగా మెట్లెక్కి వచ్చాడు. “మా త్రివేణి పుట్టిన దినం చూడు” అన్నాడు.

“నలభై రెండు మిల్లీమీటర్లు” చదివాడు గులాం.

“గదే. దవాఖానకు పోంగ వాగు కాడ బండి ఆగింది.” ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. “ఉన్నది. వాన ఉన్నది.”

గులాంకు ఛాతీ నిండిపోయింది. ఇలాంటి రోజు కోసమే మనిషి పని నేర్చుకునేది అనుకున్నాడు. డాక్టరు వద్దన్న చక్కెర రెండు చెంచాలు వేయించుకుని చాయ్ తాగాడు. తర్వాత లాప్‌టాప్ పేరు మార్చి, ఒక చీటీ రాసి మూత మీద అంటించాడు.

“పాత పేరు దీనికి పెట్టిన. రేపు నా అసొంటోడు ఇంకొకడు వస్తే తెలవాలె కద.”

సాయంత్రం కొట్టు నుంచి భార్య హుసేన్ బీకి ఫోను చేసి, ముప్పయ్యొక్క ఏళ్ల వాన కాపాడానని చెప్పాడు. రొట్టెలు చల్లారుతున్నాయని ఆమె కసిరింది. వస్తున్నానని చెప్పి, కాసేపు కుర్చీలో తల వెనక్కి వాల్చాడు. పక్క కొట్టు రవీందర్ షట్టర్ దించమని చెబుదామని వచ్చి, రెండుసార్లు పిలిచి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, గులాం కళ్లజోడు తీసి మెల్లగా బల్ల మీద పెట్టాడు.

మర్నాడు పొద్దున ఎడపల్లిలో వాన లేదు. గులాం పోయిన కబురు అప్పటికే అందింది. అయినా భూమన్న మిద్దె ఎక్కి, డబ్బా చూసి, “సున్న” అన్నాడు. త్రివేణి లాప్‌టాప్ తెరవబోయి ఆగింది. మూత మీద కొంచెం వంకరగా, నీలి సిరా చీటీ: సక్కర్. హెచ్ లేదు.